కష్టం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు: కథారచనపై అపోహలు - వాస్తవాలు

పత్రికకు వచ్చే కథలు చదివి ఎంపిక చేయడం నా పని. రైతు ఆత్మహత్యల మీద కథలు కట్టలు కట్టలుగా వస్తుంటాయి. చాలావాటిలో అప్పు ఎవరి దగ్గర చేశాడో ఉండదు, వడ్డీ ఎంతో ఉండదు, ఏ పంట వేశాడో కూడా ఉండదు. పురుగుమందు డబ్బా, భార్య ఏడుపు, ‘హృదయవిదారకం’ అన్న మాట మాత్రం తప్పకుండా ఉంటాయి. ఫోన్ చేసి అడిగితే ఒకటే జవాబు: "మాది మామూలు జీవితం సార్, రాయదగ్గ కష్టం మా ఇంట్లో ఏముంది?"

కొత్తగా రాసేవాళ్లను నిండా ముంచుతున్న అపోహ ఇదే. తెలియని కష్టాన్ని అరువు తెచ్చుకుని రాస్తారు. కథ తిరిగొస్తే ‘నాకు రాయడం రాదు’ అని మానేస్తారు. రాయడం వచ్చినవాళ్లే వీళ్లలో చాలామంది. రోజూ కళ్లముందు ఉన్నదాన్ని చూడ్డానికే ఇబ్బంది పడుతున్నారు.

ఆ మధ్య కథల వర్క్‌షాప్‌లో ఒకమ్మాయిని అడిగాను, మీ ఇంట్లో చూడ్డానికి ఇబ్బందిగా అనిపించేది ఏముందని. చాలాసేపు ఆలోచించి "వంటింటి కిటికీలో గ్లాసు" అంది. పనిచేసే ఆవిడకు టీ పోసే స్టీలు గ్లాసది. మిగతావాటి మీద గృహప్రవేశానికి ఇచ్చినవాళ్ల పేర్లు కొట్టించి ఉన్నాయి. దీనిమీద ఏ పేరూ లేదు. వాటిలో కలిసిపోకుండా అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టారు. ఇంటిల్లిపాదీ తిన్న కంచాలు తోమేది ఆవిడే. తన గ్లాసు మాత్రం చివర్లో విడిగా కడిగి, కిటికీలో బోర్లించి వెళ్తుంది.

మొదటి డ్రాఫ్టులో ఆ అమ్మాయి రాజ్యాంగం 17వ అధికరణం, 1950లోనే అంటరానితనం రద్దయిన సంగతి, అన్నీ కథానాయిక చేత చెప్పించింది. అందరికీ తెలియాల్సిన విషయమే. అయినా ఆ పేరా కొట్టేయమన్నాను. చుక్క ఎవరు పెట్టారో రాయమన్నాను. పెట్టింది తనేనట, చిన్నప్పుడు, అమ్మ చెబితే. ఆ ఒక్క వాక్యంతో కథ నిలబడింది.

‘ఇంటి గుట్టు రాస్తే పరువు పోతుంది’ అంటారు కొందరు. అమ్మ చదివితే ఏమనుకుంటుందోనన్న బెంగ నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. పేర్లు, ఊరు, ఉద్యోగాలు మార్చేయండి, తప్పులేదు. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’ రాసిందీ పొద్దుపోయి ఇల్లు చేరే మొగుడి గుట్టు మీదే కదా.

‘బాధలు రాస్తే ఎవరూ అచ్చు వేయరు’ అనేది వట్టి పుకారు. ‘అనుభవించినవాళ్లే రాయాలి’ అనేది సగం నిజం. అనుభవించనివాళ్లు తాము నిలబడ్డ చోటు నుంచి రాయాలి, గ్లాసు విడిగా కడిగే ఆవిడ తరఫున ఏడవడం మనకెందుకు? ఇక గమనించడమంటే ఫోన్ తీసి ఫొటో కొట్టడం అనుకునేవాళ్లకు ఒకటే చెబుతాను, దయచేసి ఆ పని చేయకండి. ధర్మాసుపత్రి వరండాలో చాప మీద పడుకున్న మనిషి దానికి ఒప్పుకోలేదు.

ఇంటికి రాగానే, మరిచిపోకముందే రాసుకోండి. ఎవరు ఏం చేశారు, చేతిలో ఏముంది, ఏ మాట అన్నారు, ఎంత డబ్బు చేతులు మారింది. ‘పాపం’ అన్న మాట రాకుండా ఒక పేజీ. విశేషణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.