కంట్రోల్ కేబుళ్లకు 15 ఏళ్ల గడువు ఎక్కడి నుంచి వచ్చింది?

పైలట్ చేతి కదలికను విమానం రెక్కలకు, తోకకు చేర్చే ఉక్కు తాళ్లే కంట్రోల్ కేబుళ్లు. ఆస్ట్రేలియాలో 15 ఏళ్లు దాటినవాటిని 2018 లోగా మార్చాలన్నారు. అలా హడావుడిగా మార్చిన కేబుళ్లకు మరికొన్నేళ్లలో మళ్లీ 15 ఏళ్లు నిండుతాయి. చిన్న విమానాల యజమానులకు రెండో విడత ఖర్చు దగ్గరపడుతోంది. పాత వాదన మళ్లీ మొదలవడానికి అది చాలు. చూడటానికి నిక్షేపంలా ఉన్న కేబుల్‌ను వయసు లెక్కన తీసిపారేయాలా, తనిఖీలో నెగ్గితే ఉంచుకోవచ్చా? బేగంపేట నుంచి ఎన్నో ఏళ్లుగా శిక్షణ విమానాలు ఎగురుతున్న మనకూ ఇది పరాయి విషయం కాదు. సెస్నా 152, 172 అక్కడివైనా ఇక్కడివైనా ఒకటే.

విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్కల మీది ఐలరాన్, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకలోని ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్ ఈ కేబుళ్లు లాగితేనే కదులుతాయి. ఈ గొడవ అర్థం కావాలంటే 2001 దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటిదాకా తనిఖీ అంటే తీగ తనిఖీయే. చిన్న విమానాల్లో ఎక్కువగా కనిపించేది 1/8 అంగుళం కేబుల్. ఏడు పాయలు, పాయకు 19 పోగులు, మొత్తం 133 సన్నటి ఉక్కు పోగులు. గుడ్డతో పట్టుకుని పొడవునా తుడుచుకుంటూ పోతే తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. పుల్లీ మీద వంగే చోట, కేబుల్‌ను దారి తప్పకుండా పట్టే ఫెయిర్‌లీడ్‌లో రాసుకునే చోట ముందుగా తెగుతాయి. తుప్పు అనుమానం ఉంటే టెన్షన్, అంటే బిగువు, వదిలి, పురి కాస్త విప్పి లోపల చూడాలి. తీగలో ఒక మంచి గుణం ఉంది. ఒక్కో పోగే తెగుతుంది కాబట్టి ముందే హెచ్చరిస్తుంది.

కేబుల్ కొసకు బిగించే లోహపు ముక్క టెర్మినల్. దానికి ఆ గుణం లేదు. 2001లో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ వేలెత్తి చూపింది దాన్నే. ఈ టెర్మినళ్లను 303ఎస్‌ఈ అనే స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసేవారు. లేత్ మీద సులువుగా తెగడానికి అందులో సెలీనియం కలుపుతారు. ఆ సౌలభ్యానికి మూల్యం, ఉప్పులోని క్లోరైడ్ తగిలితే సన్నటి గుంటలు పడే స్వభావం. టెర్మినల్‌ను కేబుల్‌కు నొక్కి బిగించడాన్ని స్వేజింగ్ అంటారు. అందులో 0.250 అంగుళాల వ్యాసమున్న టెర్మినల్‌ను కేబుల్ మీద 0.219కి నొక్కుతారు. ఆ నొక్కుడు ఒత్తిడి లోహంలో శాశ్వతంగా ఉండిపోతుంది. గుంట, ఉప్పు తేమ, లోపలి ఒత్తిడి మూడూ కలిస్తే పగులు మొదలవుతుంది. దానికి విమానం ఎగరనక్కర్లేదు. హ్యాంగర్లో నిలబడి ఉన్నా పగులు పెరుగుతూనే ఉంటుంది. ఎగిరిన గంటలు కాకుండా ఏళ్లు లెక్కపెట్టడానికి కారణం ఇదే. తనిఖీ చాలనేవాళ్లు చాలామంది ఈ మాట దాటేసి మాట్లాడతారు.

పగులు దాక్కునే చోటు చూడండి. కేబుల్ బిగువు సర్దే మరల గొట్టం టర్న్‌బకిల్. అది తిరిగిపోకుండా సేఫ్టీ వైర్ లాగి, టెర్మినల్ కాడ మీద చుట్టి ముగిస్తారు. తేమ, మురికి నిలిచేది సరిగ్గా ఆ చుట్ల కిందే. చుట్టు విప్పకుండా టార్చి వేసి ‘బాగుంది’ అని సంతకం పెడితే, చూడాల్సింది చూడనట్టే. విప్పి, శుభ్రం చేసి, కనీసం 10 రెట్లు పెద్దది చేసే భూతద్దంతో కాడ పొడవునా చూడాలి. తోకలో ఉన్న టర్న్‌బకిల్‌కు భూతద్దం పట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2001 చివర్లో ఇచ్చింది సమాచార బులెటిన్ మాత్రమే, ఆదేశం కాదు. 2013లో పైపర్ విమానాల స్టెబిలేటర్ (తోకలో మొత్తంగా కదిలే అడ్డ రెక్క) కేబుళ్లపై తప్పనిసరి ఆదేశం వచ్చింది. అందులోనూ పద్ధతి తనిఖీయే, లోపం దొరికితేనే మార్పు. ఆస్ట్రేలియా విమానయాన భద్రతా సంస్థ కాసా 2015లో ఇంకో దారి పట్టింది. ఏడీ జనరల్ 87 అనే తప్పనిసరి ఆదేశంతో, 303ఎస్‌ఈ టెర్మినళ్లున్న ప్రధాన కంట్రోల్ కేబుళ్లు 15 ఏళ్లు దాటితే 2018 జనవరి 1 లోగా మార్చేయాలంది. సెస్నా, పైపర్ అమెరికా డిజైన్లు కాబట్టి ఆస్ట్రేలియా ఆదేశం దానంతటదే మనకు వర్తించదు. మన నిర్ణయం మనం తీసుకోవాల్సిందే.

యజమానుల మాటలో బలం లేకపోలేదు. సముద్రపు గాలి తగిలే విమానానికీ, ఎండు నేల మీది విమానానికీ ఒకే గడువేమిటంటారు. బాగున్న కేబుల్‌ను కదిలించడమే ప్రమాదం అంటారు. 2018 నవంబర్ 11న పోర్చుగల్‌లో మరమ్మతు నుంచి బయటికొచ్చిన కజకిస్తాన్ సంస్థ ఎయిర్ ఆస్తానా ఎంబ్రాయర్ 190లో ఐలరాన్ కేబుళ్లు తారుమారయ్యాయి. పైలట్లు అతికష్టం మీద బేజాలో దించారు. అది పెద్ద విమానమే అయినా పొరపాటు ఏ విమానంలోనైనా జరిగేదే. అయితే ఆ పొరపాటుకు మందుంది. ఎగరకముందే పట్టుకోవచ్చు. చుట్టు కింది పగులును అలా పట్టుకోలేం.

మార్చే పని అంత క్లిష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. పాత కేబుల్ కొసకు గట్టి దారం కట్టి లాగాలి. ఆ దారంతోనే కొత్తది అదే దారిలో వెనక్కి వస్తుంది. చుట్ట విప్పేటప్పుడు మెలిక పడితే ఆ కేబుల్ ఇక పనికిరాదు, సాగదీసి సరిచేయడం కుదరదు. విప్పిన గార్డ్ పిన్నులన్నీ తిరిగి పెట్టాలి. ఒక్కటి మర్చిపోయినా టెన్షన్ తగ్గిన రోజున కేబుల్ పుల్లీ మీంచి జారుతుంది. టర్న్‌బకిల్ గొట్టం బయట మూడు మరలకు మించి కనబడకూడదు. టెన్షన్ మాన్యువల్‌లోని ఉష్ణోగ్రత లెక్క ప్రకారమే ఉండాలి. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, మే నెల మధ్యాహ్నం రేకుల హ్యాంగర్లో సరిపెట్టిన టెన్షన్ డిసెంబర్ తెల్లవారుజామున వదులైపోతుంది.

చివరగా యోక్ (పైలట్ చేతి చక్రం) ఎడమకు తిప్పితే ఎడమ ఐలరాన్ పైకి, కుడిది కిందికి. వెనక్కి లాగితే ఎలివేటర్ అంచు పైకి. ఇది పని చేసినవాళ్లు కాక మరొకరు, రెక్క పక్కన నిలబడి, కళ్లతో చూసి సంతకం పెట్టాలి. బిగించిన తేదీ లాగ్‌బుక్‌లో లేని కేబుల్ ఉంటే వాదనకు దిగకుండా ముందు దాన్నే మార్చాలి.