ఒకసారి పడ్డారని పెద్దవాళ్లను కూర్చోబెట్టేస్తున్నారా?

ఫిజియోథెరపీకి అమ్మానాన్నలను తీసుకొచ్చే పిల్లల నోట తరచూ వినే మాట: "ఒకసారి జారిపడ్డారండీ, అప్పట్నుంచి మంచం దిగనివ్వట్లేదు." ప్రేమతోనే చేస్తారు. కానీ మళ్లీ పడే ప్రమాదాన్ని పెంచేది ఆ జాగ్రత్తే.

కాళ్ల కండరాలు, పాదాల స్పర్శ, కళ్లు, లోపలి చెవి, మెదడు కలిసి పనిచేస్తేనే మనిషి తూలకుండా నిలబడతాడు. వాడకపోతే ఆ పట్టు తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక పరిశోధనలో, కాళ్లలో సుమారు కిలో కండ తగ్గిపోయింది.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడకు డెబ్బై దాటాయి. పడ్డప్పుడు ఎముక ఏదీ విరగలేదు. అయినా ఇంట్లో మంచినీళ్లు కూడా చేతికే అందించారు. కొన్ని నెలలకు కుర్చీలోంచి సొంతంగా లేవలేని స్థితి వచ్చింది. "పడతానేమోనని భయం బాబూ" అన్నారు. ఆ భయం నిజమైనదే, దాన్ని కసిరితే పోదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గట్టి బల్ల పట్టుకుని ఒక పాదం ముందు ఇంకోటి పెట్టి నిలబడటం, వీటితోనే మొదలుపెట్టాం. కాళ్లలో బలం తెలిసొచ్చాకే ఆవిడ భయం తగ్గింది.

"రోజూ వాకింగ్ చేస్తున్నాంగా" అంటారు కొందరు. మంచిదే, కానీ పడకుండా ఉండటానికి అదొక్కటే చాలదు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాల్షియం మాత్ర వేసుకుంటే పడరని ఫార్వర్డ్ చేసే మెసేజ్‌లు దయచేసి ఆపండి. ఆ మాత్ర కాళ్లకు పట్టు ఇవ్వదు. చేతికర్ర పడితే అలవాటైపోతుందన్నదీ ఉత్తమాటే. సరైన ఎత్తు కర్ర నడకను నిలబెడుతుంది. నున్నటి నేల మీద ఉత్త సాక్సులతో నడవకండి. రాత్రి లేచేటప్పుడు లైటు వేసుకుని, మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి. లేవగానే కళ్లు తిరుగుతుంటే బీపీ మాత్ర సొంతంగా మానేయకండి. పడుకున్నప్పుడు, నిలబడ్డాక 3 నిమిషాల్లోపు బీపీ చూపించుకోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. నిద్రమాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి.

ఒక్క జాగ్రత్త: పడ్డాక కాలు మోపలేకపోతున్నా, రక్తం పలచబడే మందులు వాడుతూ తలకు దెబ్బ తగిలినా వ్యాయామం సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.