మా సందు చివరి సుషీ కొట్టు

నిషి కసాయ్, టోక్యో
ఆదివారం సాయంత్రం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో "తాతయ్యా, నువ్వక్కడ పచ్చి చేపలు తింటున్నావట, నిజమేనా?" అని నలుగురూ ఒక్కసారే అడిగారు. మీలో చిన్నది "ఛీ" అని కూడా అంది. ఫోనులో చెబితే సగం మాటలు గాలికి పోతాయి కనుక తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. వేసవి సెలవులకు మీరు ఇక్కడికి వచ్చినప్పుడు మీ మేనత్త మిమ్మల్ని తప్పకుండా మా సందు చివరి సుషీ కొట్టుకు తీసుకువెళుతుంది. అన్నం పెట్టే మనిషి ఎదుట కూర్చుని మీరు ముఖం చిట్లించకూడదని నా కోరిక.

మేముంటున్న నిషి కసాయ్ టోక్యో నగరానికి తూర్పున, ఎదొగావా వార్డులో ఉంది. 2000 సంవత్సరం దగ్గరపడినప్పుడు కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పని మీద వచ్చిన మన దేశపు ఇంజనీర్లు చాలామంది ఈ చుట్టుపక్కలే కాపురాలు పెట్టారు. అందుకే ఇక్కడ కందిపప్పు దొరుకుతుంది, సాయంత్రం పార్కులో తెలుగు మాటలు వినిపిస్తాయి. మన వాళ్ళ పచారీ కొట్టు దాటి సందులోకి తిరిగితే చివర సుషీ కొట్టు కనిపిస్తుంది. గుమ్మానికి నీలం రంగు గుడ్డ తెర వేలాడుతుంటుంది. దాన్ని నోరెన్ అంటారు. తెర బయట ఉంటే కొట్టు తెరిచినట్టు, లోపలికి తీసేస్తే కట్టేసినట్టు. లోపల ఎనిమిది మంది వరసగా కూర్చునే చెక్క బల్ల, గోడవారగా రెండు చిన్న బల్లలు, అంతే. బల్లకు అవతల పెద్దాయన సుషీ చేస్తారు, ఆయన భార్య టీ పోసి లెక్క చూసుకుంటారు. తల వంచి తెర దాటగానే ఇద్దరూ "ఇరస్షాయ్‌మాసే" అని గట్టిగా పలుకుతారు. రండి, దయచేయండి అనడమే అది. తిరిగి ఏమీ అనవలసిన పని లేదు, చిరునవ్వుతో తల వంచితే చాలు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. సుషీ అంటే పచ్చి చేప అని మన దగ్గర చాలామంది అనుకుంటారు, ఇక్కడికి రాకముందు నేనూ అలాగే అనుకున్నాను. పచ్చి చేప ముక్కలను మాత్రమే పెడితే దాని పేరు సాషిమి. సుషీ అన్న మాటకు మూలం పులుపు. పులుపు కలిపిన అన్నం ఉంటేనే అది సుషీ అవుతుంది. పులుపు పేరుతోనే పిలిచే అన్నం మనకు లేదా? పండగనాడు నానమ్మ పులిహోర కలిపేటప్పుడు చూశారు కదా, వేడి అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పరిచి, ఆరనిచ్చి, మెతుకు విరగకుండా, ముద్ద కట్టకుండా కింది నుంచి పైకి తిరగేస్తూ పులుసు పట్టిస్తుంది. ఈ పెద్దాయన చేసే పని అచ్చంగా అదే. వెడల్పాటి చెక్క తొట్టిలో వేడి అన్నం పోసి, వినిగర్, చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు చల్లి, చెక్క గరిటెను కత్తిలా అడ్డంగా ఆడిస్తూ కలుపుతారు. పక్కన భార్య విసనకర్రతో విసురుతారు. బియ్యం మాత్రం మన సోనా మసూరి వంటివి కావు, పొట్టిగా గుండ్రంగా ఉండి ఉడికితే కొంచెం అంటుకునే రకం. అంటుకుంటేనే కదా ముద్ద నిలిచేది.

ఆ అన్నాన్ని సుషీ కొట్టు భాషలో షారి అంటారు. జపానులో బుద్ధుని ధాతువులను, అంటే ఆయన అస్థి అవశేషాలను కూడా షారి అనే అంటారు, అది మన "శరీర" శబ్దం నుంచి వెళ్ళిన మాట. తెల్లని చిన్న గింజలు ఆ ధాతువులను పోలి ఉంటాయని అన్నానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు కరండాల గురించి మీకు ఒకసారి చెప్పాను, గుర్తుందా? ఆ మాట అంత దూరం ప్రయాణం చేసి ఒక వీధి కొట్టులో అన్నానికి పేరై కూర్చుంది. మెతుకును అంత గౌరవంగా పిలిచే వాళ్ళ దగ్గర అన్నం వదిలేయడం ఎంత తప్పో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మీరు వచ్చినప్పుడు పెద్దాయన చేతులను చూడగలిగే చోట కూర్చోండి. ముందు వినిగర్ కలిపిన నీళ్ళతో చేతులు తడుపుకుని, ఒక్క చప్పట్టు కొట్టి ఎక్కువ తడిని విదిల్చేస్తారు. కుడి చేయి అన్నంలోకి వెళ్ళి కొలవకుండానే ఒకే పరిమాణంలో ముద్ద తీస్తుంది, అదే క్షణంలో ఎడమ చేయి చేప ముక్కను వేళ్ళ మీద పరుచుకుంటుంది. కుడి చూపుడు వేలితో చేపకు వసాబి అనే ఘాటైన పచ్చని ముద్ద చిటికెడు రాసి, పైన అన్నం పెట్టి, ఎడమ బొటనవేలితో ముద్ద మధ్య చిన్న గుంట నొక్కుతారు. ఆ గుంట వల్ల లోపల గాలి నిలిచి, బయట గట్టిగా కనిపించే ముద్ద నోట్లో పడగానే విడిపోతుంది. తరవాత దాన్ని బోర్లించి రెండు వేళ్ళతో నొక్కి, తిప్పి, మళ్ళీ నొక్కి మీ ముందు పెడతారు. ఇదంతా మీరు పది లెక్కపెట్టే లోపే అయిపోతుంది. ముద్ద చల్లగా ఉండదు, మనిషి ఒంటి వేడిలో ఉంటుంది. మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు మా అమ్మ గోరుముద్దలు గుర్తుకొచ్చి కాసేపు మాట రాలేదు.

ఈ ముద్దకు పెద్ద కథ ఉంది. పూర్వం ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పొరలు పొరలుగా కూరి, పైన బరువు పెట్టి, నెలల తరబడి పులియబెట్టేవారు. పులిసిన అన్నం చేపను చెడిపోకుండా కాపాడేది. తినేటప్పుడు అన్నం పారేసి చేపనే తినేవారు. బివా సరస్సు ప్రాంతంలో ఫునాజుషి అన్న పేరుతో ఇప్పటికీ అలా చేస్తారు. మన తరవాణి కుండలో అన్నాన్ని పులియబెట్టేదీ, అక్కడ చేపను కాపాడేదీ ఒక జాతి సూక్ష్మజీవులే. కాలం గడిచేకొద్దీ జనం అంతకాలం ఆగలేక అన్నం కూడా తినడం మొదలుపెట్టారు, ఆ తరవాత పులియబెట్టడం మానేసి వినిగర్ కలపసాగారు. 1804లో హందా అనే ఊళ్ళో నకానో మతజేమొన్ అనే ఆయన సాకే అనే బియ్యపు మద్యం వడగట్టగా మిగిలిన పిప్పితో చవకగా వినిగర్ తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. 1820ల నాటికి, అప్పుడు ఎదొ అని పిలిచే ఈ టోక్యోలో, అప్పటికప్పుడు చేత్తో నొక్కి ఇచ్చే నిగిరి సుషీ వచ్చింది. దానికి ఆద్యుడుగా హనయా యొహేయ్ పేరు చెప్పుకుంటారు. పనివాళ్ళు బండి దగ్గర నిలబడి రెండు ముద్దలు తిని పనిలోకి పోయేవారు. అప్పటి ముద్ద ఇప్పటి దానికి రెండు మూడింతలు ఉండేది. కూలివాడి ఆకలి తీర్చిన తిండి ఇది. 2019 జనవరిలో తొయోసు చేపల బజారు వేలంలో 278 కిలోల టూనా ఒక్కటి 33 కోట్ల యెన్లకు పైగా పలికింది నిజమే కానీ, అటువంటి వాటికి మా సందు కొట్టుతో సంబంధం లేదు.

ఐసు లేని ఆ రోజుల్లో చేపను పచ్చిగా పెట్టేవారు కూడా తక్కువే. వినిగర్‌లో నానబెట్టేవారు, సోయాసాసులో ఊరవేసేవారు, ఉడికించేవారు. ఇప్పటికీ రొయ్య, ఆక్టోపస్, అనాగొ అనే పాము వంటి సముద్రపు చేప, తియ్యని గుడ్డట్టు, ఇవన్నీ వండినవే. చిన్నది అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు, దాన్ని ఎవరూ బలవంతం చేయరు. మీకందరికీ ఫొటోలలో నచ్చే నారింజ రంగు సాల్మన్‌ను జపాను వాళ్ళు పూర్వం పచ్చిగా ముట్టేవారు కాదు, దానిలో పరాన్నజీవులు ఉంటాయని. 1980లలో నార్వే దేశం తన పెంపకపు సాల్మన్‌ను ఇక్కడికి తెచ్చి ప్రచారం చేసిన తరవాతే అది సుషీ మీదికి ఎక్కింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను, పెద్దవాళ్ళు కూడా వినండి. పచ్చిగా తినే చేపకు వేరే జాగ్రత్తలు ఉంటాయి. అనిసాకిస్ అనే పురుగు చావాలంటే సున్నాకు 20 డిగ్రీల దిగువన 24 గంటలు గడ్డకట్టించాలి. బజారులో కొన్న చెరువు చేపనో గోదావరి చేపనో ఇంట్లో పచ్చిగా తినే సాహసం ఎన్నడూ చేయకండి.

నానమ్మ సంగతి అడిగారు కదా. ఆవిడ శనివారాలు నీచు ముట్టదు. ఒక శనివారం ఆవిడను బలవంతంగా వెంట తీసుకువెళ్ళాము. కీరదోసతో చేసే కప్పామాకి తిన్నది. ఆ తరవాత పెద్దాయన గోధుమ రంగు పట్టీలు పెట్టి చుట్టిన కాన్ప్యోమాకి ఇచ్చారు. రెండు ముక్కలు నమిలి నానమ్మ ఆగిపోయి, "ఏమండీ, ఇది ఆనపకాయ" అంది. మీ అత్త అడిగి తెలుసుకుంది, నిజంగానే ఆనపకాయ! తొచిగి ప్రాంతంలో ఆనపకాయను రిబ్బను లాగా సన్నగా చీరి ఎండబెడతారు, దాన్ని నానబెట్టి సోయాసాసు, చక్కెర వేసి ఉడికిస్తారు. మన వడియాలు పెట్టే చేతులు అటువంటి దాన్ని పోల్చుకోకుండా ఉంటాయా! అయితే చాలాచోట్ల ఆ ఉడికించే నీళ్ళలో చేప రసం పడుతుంది, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసొ సూపులోనైతే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఈ కొట్టులో కాన్ప్యోకు అది వేయరని తెలుసుకున్నాకే నానమ్మ రెండో ముక్క మింగింది. నీచు తినని వాళ్ళు ఎక్కడైనా ముందు అడగాలి.

ఈ సుషీని చుట్టడానికి వాడే నల్లని ఆకు పేరు నోరి, అది సముద్రపు నాచు. ఒకప్పుడు ఈ కసాయ్ తీరంలోనే దాన్ని పెంచేవారు. సముద్రం పూడ్చి ఇళ్ళు కట్టాక ఆ పని పోయింది. నోరి వేసవిలో ఏమైపోతుందో జపాను రైతులకు ఎంతోకాలం తెలియలేదు, పంట ఒక ఏడు పండితే ఒక ఏడు పోయేది. 1949లో మాంచెస్టర్‌లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే శాస్త్రవేత్త అది గవ్వల లోపల గులాబి రంగు దారాలుగా బతుకుతుందని కనిపెట్టి ప్రకటించారు. ఆమె జపానులో అడుగు పెట్టనే లేదు. అయినా కుమమొతొ ప్రాంతంలోని ఉతొ అనే ఊళ్ళో ఆమెకు స్మారకం కట్టి, ఏటా ఏప్రిల్ 14న నోరి రైతులు పూజ చేస్తారు. ఆడపిల్లలిద్దరూ ఆమె పేరు గుర్తుపెట్టుకోండి.

టీ ఇచ్చే పెద్ద కప్పు మీద వరసలు వరసలుగా అక్షరాలు ఉంటాయి, అన్నీ చేపల పేర్లే. చేప గుర్తు పక్కన మంచు గుర్తు రాస్తే తారా, అది చలికాలపు కాడ్ చేప. పక్కన "బలహీనం" అని రాస్తే ఇవాషి, అంటే సార్డిన్, నీళ్ళలోంచి తీయగానే చెడిపోయేది. బురి అనే చేపను ఎదుగుదలను బట్టి ఇక్కడ వకషి, ఇనద, వరస, బురి అని నాలుగు పేర్లతో పిలుస్తారు. సముద్రంలో విలసగా ఉన్నది గోదావరి ఎదురెక్కి పులస అయ్యే ఊరి వాళ్ళం మనం. ఆ సంగతి మీ అత్త చేత చెప్పిస్తే పెద్దాయన కత్తి పక్కన పెట్టి మరీ విన్నారు.

కూర్చోగానే ఇచ్చే వేడి తడి గుడ్డ చేతులు తుడుచుకోవడానికే, ముఖానికి కాదు. నిగిరిని చేత్తో తినవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. సోయాసాసులో అన్నం వైపు ముంచితే ముద్ద చెదిరిపోతుంది, కొంచెం పక్కకు వాల్చి చేప అంచును మాత్రమే తాకించండి. అల్లం ముక్కలు ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి పెడతారు. తినడానికి ఇచ్చే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకండి, ఒకరి పుల్లలతో ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకండి. మొదటిది పోయినవాళ్ళకు పెట్టే అన్నం, రెండోది దహనం తరవాత అస్థికలు ఎత్తే తీరు. తినే ముందు "ఇతదాకిమాసు", లేచేటప్పుడు "గొచిసోసమా" అనండి. ఈ రెండో మాటలో పరుగులు తీయడమన్న అర్థం ఉంది, మీ కోసం తిండి సమకూర్చడానికి అటూ ఇటూ తిరిగిన వాళ్ళకు కృతజ్ఞత అన్నమాట. మనం "అన్నదాతా సుఖీభవ" అనుకుని లేచినట్టే. టిప్పు ఇవ్వకూడదు, ఇస్తే వెనకాలే పరుగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు.

పళ్ళేలు బెల్టు మీద తిరిగే హోటలుకు వెళ్ళాలని పెద్దవాడు అడిగాడు. దానికీ వెళదాము. బీరు సీసాలు బెల్టు మీద కదలడం చూసి షిరాయిషి యొషియాకి అనే ఆయన 1958లో ఒసాకా పక్కన మొదటి దాన్ని తెరిచారు. 1970 ఒసాకా ఎక్స్‌పోతో అది దేశమంతా తెలిసింది. 2023 ఆరంభంలో కొందరు కుర్రాళ్ళు తిరిగే తిండిని ఎంగిలి చేసి వీడియోలు తీస్తే దేశమంతా బాధపడింది, కొన్ని సంస్థలు పళ్ళేలు తిప్పడమే మానేసి అడిగినవి మాత్రమే పంపుతున్నాయి. ఎంగిలి అంటే ఏమిటో మీకు తెలుసు కనుక, తాకిన పళ్ళేన్ని మళ్ళీ బెల్టు మీద పెట్టరని నాకు నమ్మకం ఉంది.

నిన్న మధ్యాహ్నం పెద్దాయనతో మీ సంగతి చెప్పాను. ఏప్రిల్ నెలాఖరులో నలుగురు పిల్లలు వస్తారని వేళ్ళతో చూపించాను. ఆయన గోడ మీది క్యాలెండరు దగ్గరకు వెళ్ళి, వసాబి లేకుండా చేయాలా అని అడిగి, "సబి నుకి, నలుగురికి" అని పెన్సిలుతో రాసుకున్నారు.

మీ
తాతయ్య