రోటరీ ఇండెక్సింగ్ టేబుల్ డిజైన్: అపోహలు - వాస్తవాలు

రోటరీ టేబుళ్ళ (మెషీన్ మీద జాబ్‌ని, అంటే కోసే వస్తువుని, కావలసిన కోణానికి తిప్పి నిలబెట్టే బల్లల) పనిలో ఉన్నవాళ్ళకి ఒక లెక్క నోటికి వచ్చి ఉండాలి. ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు. కేంద్రం నుంచి 206 మి.మీ. దూరంలో అది ఒక మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు). అంటే 400 మి.మీ. వ్యాసమున్న టేబుల్ అంచు దగ్గర రంధ్రం వేస్తున్నప్పుడు కోణంలో 10 ఆర్క్ సెకండ్లు తేడా వస్తే, రంధ్రం దాదాపు 10 మైక్రాన్లు పక్కకి పడుతుంది. కింద చెప్పేవన్నీ ఈ లెక్క పక్కన పెట్టుకుని చదవండి.

అపోహ: బ్యాక్‌లాష్ (గేరు పళ్ళ మధ్య వదులు) సున్నా చేస్తే టేబుల్ కచ్చితంగా తిరుగుతుంది.

నేను ఎక్కువసార్లు విన్నది ఇదే. టేబుల్‌ని తిప్పడానికి డ్యూప్లెక్స్ వార్మ్ వేస్తారు (వార్మ్ అంటే మరలాంటి గేరు, అది వార్మ్ వీల్ అనే పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది). దాని పంటి రెండు పక్కల లీడ్‌లో (ఒక చుట్టుకి ముందుకు సాగే దూరంలో) కొద్దిపాటి తేడా ఉంటుంది కాబట్టి పన్ను మందం ఒక చివర నుంచి రెండో చివరకు మెల్లగా పెరుగుతూ పోతుంది. వార్మ్‌ని పొడవునా కాస్త జరిపితే చాలు, ప్లే (ఆ వదులు) పోతుంది. చేత్తో ఊపి చూస్తే టేబుల్ కదలదు. ఇంకేం, పని అయిపోయిందనుకుంటారు.

ప్లే లేకపోవడం వేరు, కోణం సరిగ్గా రావడం వేరు. వార్మ్ వీల్ పిచ్ వ్యాసార్ధం (కేంద్రం నుంచి పళ్ళు కలిసే చోటికి దూరం) 100 మి.మీ. అనుకోండి. దాన్ని టేబుల్ స్పిండిల్ మీద బిగించేటప్పుడు కేంద్రం 5 మైక్రాన్లు తప్పింది. డయల్ గేజ్ పెట్టి తిప్పితే 10 మైక్రాన్ల రనౌట్ (అటూ ఇటూ ఊగడం) కనిపిస్తుంది, చాలామంది దాన్ని ఓకే చేసేస్తారు. కానీ 5 మైక్రాన్లను 100 మి.మీ.తో భాగిస్తే వచ్చేది 10 ఆర్క్ సెకండ్లు. టేబుల్ ఒక్క చుట్టు తిరిగేలోపు ఒక దగ్గర 10 ముందుంటుంది, దానికి సరిగ్గా ఎదుటి పక్క 10 వెనకుంటుంది. మొత్తం తేడా 20. వీల్ పళ్ళు ఎంత బాగా కోసినా ఈ తప్పు పోదు, ఎందుకంటే అది పళ్ళలో లేదు, బిగింపులో ఉంది.

అందుకే నా డ్రాయింగుల్లో వార్మ్ వీల్ పక్కన సన్నటి, గ్రైండ్ చేసిన పట్టీ ఒకటి తప్పకుండా ఉంటుంది. హాబింగ్ (పళ్ళు కోయడం) అప్పుడు ఏ కేంద్రం పట్టుకున్నారో, బిగించేటప్పుడు కూడా డయల్‌ని అదే పట్టీ మీద ఆనించి ఆ కేంద్రాన్నే పట్టుకోవాలి. స్పిండిల్ మీద బిగుతు ఫిట్ ఇవ్వకుండా కొంచెం ఖాళీ వదిలితే, వీల్‌ని మెల్లగా తట్టి కేంద్రానికి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాతే డవెల్ పిన్నులు (స్థానం జరగకుండా పట్టే పిన్నులు).

అపోహ: ఎన్‌కోడర్ (కోణాన్ని చదివే పరికరం) రిజల్యూషన్ (అది చదవగల అతి చిన్న భాగం) ఎంతో కచ్చితత్వం అంత.

ఇదీ పై కథే, భాగం మాత్రం వేరు. 24 బిట్ల ఎన్‌కోడర్ ఒక చుట్టుని కోటీ అరవై ఏడు లక్షలకు పైగా భాగాలు చేస్తుంది. ఒక్కో భాగం 0.08 ఆర్క్ సెకండ్ కూడా ఉండదు. అదే ఎన్‌కోడర్ గీతల డిస్క్ 50 మి.మీ. వ్యాసార్ధంతో ఉండి, కేంద్రం 2 మైక్రాన్లు తప్పితే వచ్చే తప్పు అటూ ఇటూ 8 ఆర్క్ సెకండ్లు. ఎదురెదురుగా రెండు రీడింగ్ హెడ్లు పెట్టి సగటు తీస్తే ఈ కేంద్రం తప్పు కొట్టుకుపోతుంది. డబ్బు ఖర్చు పెట్టాలంటే బిట్ల మీద కాదు, రెండో హెడ్ మీద పెట్టమంటాను.

అపోహ: క్లాంప్ (తిప్పాక టేబుల్‌ని కదలకుండా బిగించే బ్రేక్) ఎంత గట్టిగా పడితే అంత మంచిది.

ఒకసారి టేబుల్ మీద పాలిగన్ అద్దం (చుట్టూ సమాన కోణాల్లో అద్దపు ముఖాలున్న దిమ్మ) పెట్టి, ఎదురుగా ఆటోకాలిమేటర్‌తో (అద్దం నుంచి తిరిగొచ్చే కాంతితో చిన్న కోణాలు కొలిచే పరికరం) చూస్తున్నాను. క్లాంప్ వదిలి ఉన్నప్పుడు గీత నిశ్చలంగా ఉంది. హైడ్రాలిక్ ప్రెషర్ ఎక్కగానే ఒక పక్కకి జరిగింది. ఒక కోణంలో 2 ఆర్క్ సెకండ్లు, ఇంకో కోణంలో 7. ఇక్కడ ఒక మాట గమనించాలి. అన్ని కోణాల్లోనూ 7 జరిగి ఉంటే దిగులుండేది కాదు, టేబుల్ మొత్తం ఒకేలా జరిగినట్టే కాబట్టి రంధ్రానికీ రంధ్రానికీ మధ్య తేడా రాదు. కోణం మారితే జరుగుబాటూ మారడమే అసలు జబ్బు. విప్పి చూస్తే బ్రేక్ డిస్క్ ఒరిగి బిగించి ఉంది, పిస్టన్ ఒక్క పక్కనే నొక్కుతోంది.

ఆ తర్వాత నుంచి నేను చుట్టూ సమానంగా నొక్కే రింగు పిస్టన్, దాని కింద పలచటి స్టీలు డిస్క్ వాడుతున్నాను. డిస్క్ పైకీ కిందికీ తేలిగ్గా వంగుతుంది, తిరిగే దిక్కులో మాత్రం గట్టిగా నిలబడుతుంది. కటింగ్ దెబ్బలన్నీ ఆ డిస్కే కాచుకోవాలి, వార్మ్ పళ్ళ దాకా రానివ్వకూడదు. ఇంకొకటి, టేబుల్‌ని కొలిచేది క్లాంప్ పట్టించాకే. వదిలేసి కొలిచిన రిపోర్టు కస్టమర్‌కి దేనికీ పనికిరాదు.

అపోహ: హిర్త్ కప్లింగ్‌లో (ఎదురెదురు ముఖాల మీద పళ్ళుండి ఒకదానిలో ఒకటి కూర్చునే రింగుల జత) ప్రతి పన్నూ అచ్చు గుద్దినట్టు ఉండాలి.

అక్కర్లేదు. పళ్ళన్నీ ఒకేసారి కూర్చుంటాయి కాబట్టి విడి పంటిలోని తప్పు సగటులో చాలావరకు కరిగిపోతుంది. అసలు శత్రువు చిప్ (కోతలో రాలే లోహపు ముక్క). టేబుల్ పైకి లేచినప్పుడు చిన్న ముక్క దూరి ఒక పక్కని 20 మైక్రాన్లు లేపిందంటే, 250 మి.మీ. రింగు మీద టేబుల్ 16 ఆర్క్ సెకండ్లు ఒరిగినట్టే. మూడు ముక్కల కప్లింగ్ (మూడో రింగు ఒక్కటే లేచి దిగేది) పెడితే టేబుల్ లేవాల్సిన పనే లేదు, సీల్ ఎప్పుడూ మూసే ఉంటుంది. ఒక పరిమితి మాత్రం ఉంది: 72 పళ్ళుంటే 5 డిగ్రీల అడుగులే, 360 ఉంటే ఒక్కో డిగ్రీ. మధ్య కోణాలు కావాలంటే ఇది దారి కాదు.

అపోహ: డైరెక్ట్ డ్రైవ్ (గేరు లేకుండా టార్క్ మోటారే నేరుగా టేబుల్‌ని తిప్పడం) వేస్తే సమస్యలన్నీ తీరినట్టే.

గేరు పోతుంది, దాని తప్పులూ అరుగుదలా పోతాయి. కానీ కరెంటు పోతే టార్క్ మోటార్ దేన్నీ పట్టుకోదు. నిలువుగా నిలబెట్టిన టేబుల్ మీద ఒక పక్క బరువున్న జాబ్ ఉంటే, అది గిర్రున తిరిగి టూల్‌కి కొట్టుకుంటుంది. కాబట్టి కరెంటు పోగానే స్ప్రింగుతో మూసుకునే బ్రేక్ తప్పనిసరి. ఆపైన వేడి. పోత ఇనుము మీటరుకు డిగ్రీకి సుమారు 10 మైక్రాన్లు పెరుగుతుంది. కేంద్రం ఎత్తు 300 మి.మీ. ఉన్న టేబుల్ 10 డిగ్రీలు వేడెక్కితే కేంద్రం 30 మైక్రాన్లు పైకి పోతుంది, ఎన్‌కోడర్‌కి ఆ సంగతే తెలియదు.

అపోహ: టేబుల్‌ని కొలవాలంటే దానికంటే ఎన్నో రెట్లు కచ్చితమైన మాస్టర్ (పోల్చి చూసే ప్రామాణిక కొలత) కావాలి.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. పొడవుకి మాస్టర్ కావాలి, కోణానికి అక్కర్లేదు. చుట్టు పూర్తయితే 360 డిగ్రీలే, వెంట్రుకవాసి ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. 12 ముఖాల పాలిగన్ తీసుకోండి, దాని తప్పులు తెలియకపోయినా పర్లేదు. టేబుల్‌ని 30 డిగ్రీల చొప్పున తిప్పుతూ 12 రీడింగులు రాసుకోండి. పాలిగన్‌ని ఒక ముఖం జరిపి మళ్ళీ 12. ఇలా 12 సార్లు చేస్తే 144 రీడింగులు వస్తాయి. టేబుల్ ప్రతి స్థానమూ పాలిగన్ ప్రతి ముఖాన్నీ ఒకసారి చూసి ఉంటుంది కాబట్టి, ఒక్కో టేబుల్ స్థానం రీడింగులన్నీ కూడితే టేబుల్ తప్పు, ఒక్కో ముఖం రీడింగులన్నీ కూడితే పాలిగన్ తప్పు విడిపోయి బయటికొస్తాయి.

ఓపిక కావాలి. గది ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి, మధ్యలో తలుపు తీయకూడదు. ప్రతి వరసలో 12 రీడింగులు అయ్యాక మొదటి స్థానానికి తిరిగి వచ్చి 13వది తీస్తాను. అది మొదటిదానితో కలవకపోతే ఏదో కదిలిందన్నమాట, ఆ వరస కొట్టేసి మళ్ళీ మొదలుపెడతాను.