సముద్రం పెరిగిందా, నేల కుంగిందా?

తీరం మునిగినప్పుడల్లా లేచే వాదనే మళ్లీ లేచింది: తప్పు నీటిదా, నేలదా? భూతాపం, కరిగే మంచు సంగతి అందరికీ తెలిసిందే. ఈ తగవు అర్థం కావాలంటే నేరుగా 1992 ఆగస్టుకు వెళ్లాలి. సముద్ర మట్టాన్ని అంతరిక్షం నుంచి కొలిచే టోపెక్స్/పొసైడన్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది అప్పుడే.

అంతకుముందు లెక్కంతా ప్రధానంగా రేవుల్లో నీటి మట్టం కొలిచే టైడ్ గేజ్‌లదే. పాతకాలపు గేజ్ అంటే నిలువుగా నిలబెట్టిన ఒక గొట్టం, దాని అడుగున చిన్న రంధ్రం. బయట కెరటాలు ఎంత ఎగిరిపడినా లోపలి నీరు తొణకదు, పోటుపాట్లతో మెల్లగా లేచి దిగుతుంది. అందులో తేలే బెండు ఎత్తును ఒడ్డున పాతిన బెంచ్‌మార్క్ అనే ఎత్తు గుర్తుతో సరిచూస్తారు. చిక్కల్లా ఇక్కడే. ఆ గుర్తున్న నేలే కుంగితే నీరు పెరిగినట్టు నమోదవుతుంది.

ఉపగ్రహానికి ఆ నేలతో పని లేదు. అది నీటి ఎత్తును భూకేంద్రం నుంచి లెక్కిస్తుంది. ఒక రేవులో గేజ్ ఏటా 10 మిల్లీమీటర్లు, ఉపగ్రహం 4 అన్నాయనుకోండి. ఆ తేడా 6 నేల కుంగుబాటే.

ఈ తీసివేత తెలిశాక పాత రికార్డులు కొత్తగా మాట్లాడతాయి. స్టాక్‌హోమ్‌లో గేజ్ చూపే నీటిమట్టం గీత దిగుతూ పోతుంది. మంచుయుగపు మంచు బరువు తొలగిన నేల ఇంకా పైకి లేస్తోంది. జపాన్‌లోని నెజుగసెకిలో 1964 నీగాటా భూకంపం దగ్గర గీత ఒక్కసారిగా ఎగిరింది. బ్యాంకాక్ దిగువన ఫోర్ట్ ఫ్రాచులాలో 1960 ప్రాంతం నుంచి గీత నిటారైంది. అక్కడ నేల కుంగడానికి కారణం బోర్లతో తోడిన భూగర్భ జలం.

తప్పంతా సముద్రానిదే అనేవారి మాటలోనూ నిజముంది: 2006–2018 మధ్య ప్రపంచ సగటు సముద్ర మట్టం ఏటా 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. కానీ ఏ తీరమూ సగటు మీద నిలబడి లేదు. నేల వాటాను పక్కన పెట్టేస్తే కరకట్ట ఎత్తు లెక్క తప్పుతుంది, బోర్ల మాటే ఎవరూ ఎత్తరు. టోక్యోలో నీటి తోడకానికి కళ్లెం వేశాక కుంగుబాటు దాదాపు ఆగింది. సముద్రంతో ఆ బేరం కుదరదు.

తీసివేతకూ లోపాలున్నాయి. ఒడ్డుకు మరీ దగ్గరగా ఉపగ్రహపు చూపు మసకబారుతుంది. అందుకే గేజ్ పక్కనే, నేల కదలికను నేరుగా కొలిచే జీపీఎస్ పెట్టాలని శాస్త్రజ్ఞులు పట్టుబడతారు. అదీ గేజ్ ఉన్న కట్టడం మీదే ఉండాలి. కొన్ని కిలోమీటర్ల అవతల గట్టి రాతి మీద పెడితే, పూడ్చిన నేల మీది రేవు ఎంత దిగిందో అది చెప్పలేదు.