షెరీఫ్ ఎదురు తిరిగిన నాటి నుంచీ

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా మర్నాటికి ఒకటే రగడ: వాడికి తుపాకీ ఎలా అమ్మారు? పూర్వాపరాలు చూసింది ఎఫ్‌బీఐయా, రాష్ట్రమా?

అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు, పక్కనున్న ఆయన ప్రెస్ కార్యదర్శి బ్రేడీకి తగిలిన తూటా, 1993లో బ్రేడీ పేరిట వచ్చిన చట్టం తెలిసినవే. దేశమంతటికీ కంప్యూటర్ వ్యవస్థ సిద్ధమయ్యేదాకా పిస్టల్ కొనేవారి చరిత్రను స్థానిక పోలీసు అధికారే ఆరా తీయాలని ఆ చట్టం పురమాయించింది. మోంటానాలోని రావల్లీ కౌంటీ షెరీఫ్ (జిల్లా పోలీసు అధికారి లాంటివాడు) జే ప్రింట్జ్ కోర్టుకెక్కారు. అరిజోనా నుంచి ఇంకో షెరీఫ్ కూడా. మాకు పని చెప్పడానికి వాషింగ్టన్ ఎవరన్నది వారి వాదన. 1997 జూన్ 27న సుప్రీంకోర్టు 5-4తో వారి వైపే మొగ్గింది. రాష్ట్రాల అధికారులతో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం బలవంతపు చాకిరీ చేయించుకోకూడదని జస్టిస్ స్కాలియా రాశారు.

నన్నడిగితే ఇవాళ్టి గొడవంతా అక్కడే మొలిచింది. 1998 నవంబర్ 30న ఎఫ్‌బీఐ నడిపే ఆ కంప్యూటర్ తనిఖీ వ్యవస్థ మొదలైంది కానీ, అందులో చేరడం రాష్ట్రాల ఇష్టం. కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా, వర్జీనియా వంటి రాష్ట్రాలు తనిఖీ తామే చేసుకుంటాయి. తుపాకీ అమ్మకూడని వారి ఎఫ్‌బీఐ జాబితాలతో పాటు సొంత రికార్డులూ తిరగేస్తాయి. కాలిఫోర్నియాలో పదిరోజులు ఆగనిదే తుపాకీ చేతికి రాదు. మిగతా చోట్ల డీలర్ కొనేవాడి వివరాలతో 4473 అనే ఫారం నింపించి, వెస్ట్ వర్జీనియాలోని ఎఫ్‌బీఐ కేంద్రాన్ని అడుగుతాడు. అమ్ము, అమ్మకు, ఆగు: మూడింట్లో ఒక జవాబు వస్తుంది. ‘ఆగు’ అన్నాక మూడు పనిదినాల్లో ఏదీ తేలకపోతే అమ్మేయవచ్చు.

2015 ఏప్రిల్‌లో సౌత్ కరొలైనాలో జరిగిందదే. కొనడానికి వచ్చిన కుర్రాడిపై డ్రగ్స్ కేసుంది, అవి తన దగ్గర ఉన్నట్టు ఒప్పుకున్నాడు కూడా. ఆ కాగితం ఉన్నది ఆ రాష్ట్ర రాజధాని కొలంబియా పోలీసుల దగ్గర. ఎఫ్‌బీఐ ఉద్యోగి వెతికింది వేరే కార్యాలయాల్లో. గడువు దాటింది, పిస్టల్ చేతికొచ్చింది. జూన్ 17న చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మంది పోయారు.

రాష్ట్రం కోరినంత మాత్రాన ఎఫ్‌బీఐ కదులుతుందా అంటే, అదీ లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు లేని మామూలు మనిషి తన తుపాకీ అమ్ముకుంటే తనిఖీ అక్కర్లేదు. ఆ సందు మూయాలని 2016లో నెవాడా ఓటర్లు పదివేల లోపు మెజారిటీతో తీర్పిచ్చారు, తనిఖీ ఎఫ్‌బీఐ చేయాలని అందులోనే రాశారు. మాకు పని చెప్పడానికి మీరెవరన్నట్టే జవాబొచ్చింది, ఎఫ్‌బీఐ కుదరదంది. షెరీఫ్ మాట తిరగబడి రాష్ట్రానికే తగిలింది. మళ్లీ చట్టం రాసి, 2020 జనవరిలో గానీ అమలు చేయలేకపోయారు. ఉన్న జాబితాలే సరిగ్గా నింపితే చాలదా అని తుపాకీ హక్కుల వారంటారు. నింపాల్సింది రాష్ట్రాలే, నింపమని ఆజ్ఞాపించే వీలు 1997లోనే పోయింది.

2022లో వచ్చిన ఫెడరల్ చట్టం 21 ఏళ్ల లోపు వారికి ఆ మూడు రోజుల గడువును అవసరమైతే పదికి పెంచింది. చార్ల్‌స్టన్ కుర్రాడికైతే పిస్టల్ కొనేముందే, ఆ నెలలోనే 21 నిండాయి.