ఎర్రగడ్డల బేరం, నెత్తిమీద కాయిల్

కర్నూలు యార్డులో ఎర్రగడ్డల వేలం జరుగుతోంది. తన సరుకుకు పలికిన ధర విని ఒక రైతు పురికొసతో మూట మూతి మళ్లీ బిగించాడు. "ఈ రేటుకు ఇచ్చేదానికన్నా గొర్లకేసుకుంటా" అని బండి వెనక్కి తిప్పించాడు. రానూపోనూ బాడుగ చేతినుంచే. లెక్క చూస్తే నష్టమే, అయినా అతనికి మనసొప్పలేదు.

1982లో జర్మనీలో వెర్నర్ గూత్ బృందం ఇలాంటి బేరాన్నే ఆటగా పెట్టింది. కొంత డబ్బులో ఒకరు వాటా వేస్తారు. రెండోవారు సరేనంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. వాటా మరీ తక్కువైతే, ఊరికే వచ్చే డబ్బునైనా వద్దన్నవాళ్లున్నారు.

2006లో జ్యూరిచ్‌లో డారియా నోక్, ఎర్న్‌స్ట్ ఫెర్ ఆ ఆటకు ముందు ఒక పని చేశారు. వాటా అందుకునే రెండోవారి నెత్తిమీద కాయిల్ (తీగచుట్ట) పెట్టి, కుడి నుదుటి వెనక ఉండే మెదడు భాగాన్ని అయస్కాంత తరంగాలతో పావుగంట మందగింపజేశారు. ఆ తర్వాత 20 ఫ్రాంకుల్లో 4 ఇస్తామన్నా మామూలుకన్నా ఎక్కువమంది తీసుకున్నారు. విచిత్రం ఏంటంటే, అది అన్యాయమని వాళ్లకు తెలుసు. అడిగితే అదే చెప్పారు. అన్యాయమని తెలియడం వేరు, కాదని నిలబడటం వేరు అన్నమాట. నాకు ఈ పరిశోధనల్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అలాంటి కాయిల్‌ను మెదడుపై మొదట వాడి చూపింది 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం. మన దగ్గర మెదడుకు "కరెంటు పెట్టడం" అనగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్. వాళ్ల మనసులో ఉండేది 1938లో రోమ్‌లో మొదలైన షాక్ ట్రీట్‌మెంట్. ఫిట్స్ రప్పించే ఆ పద్ధతి వేరు. దాన్ని కూడా మత్తు ఇవ్వకుండా చేయకూడదని మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

వణుకుడు జబ్బుకు మెదడు లోపలే తీగ పెట్టి సన్నగా కరెంటు పంపే పద్ధతిని 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ ఉంటుంది. ఎటూ తేల్చుకోలేని రెండు మంచి వస్తువుల మధ్య ఎవరైనా కాసేపు తటపటాయిస్తారు కదా. ఆ మిషన్ ఆన్‌లో ఉన్నవాళ్లు తటపటాయించకుండా ఇంకా తొందరగా ఎంచుకున్నారని 2007లో మైకేల్ ఫ్రాంక్ బృందం చూపింది. అందుకే ఆపరేషన్ అయినవారు ఉన్నట్టుండి దుబారా ఖర్చులు, తొందరపాటు బేరాలు మొదలుపెడితే ఇంట్లోవాళ్లు డాక్టరుకు చెప్పాలి. మిషన్ సెట్టింగును బయటినుంచే మార్చవచ్చు.